కాంక్రీటు పోయకముందే కొలను దగ్గర నిలబడండి

ఇంట్లో ఈత కొలను కట్టించుకునేవారు టైల్స్ రంగు ఎంచుకోవడానికి వారాలు వెచ్చిస్తారు. నేల కిందికి పోయే పైపులనూ తీగలనూ మాత్రం పనివాళ్లకు వదిలేస్తారు. నేనూ అదే చేశాను. నీళ్లు నింపిన మొదటి వారంలోనే మా అబ్బాయి తడి చేత్తో స్టీలు నిచ్చెన పట్టుకుని "నాన్నా, కరెంటు కొడుతోంది" అన్నాడు.

వైరింగ్ చేసినతను వచ్చి, ఎర్తింగ్ ఉందని చూపించాడు. ఎర్తింగ్ నిజంగానే ఉంది; లేనిది బాండింగ్. ఈ రెండూ ఒకటేనన్న అపోహ చాలా ప్రమాదకరం. మనిషికి షాక్ తగిలేది రెండు చోట్ల మధ్య వోల్టేజి తేడా ఉన్నప్పుడు కాబట్టి, కాంక్రీటులోని ఇనుప ఊచలు, నిచ్చెన, చేతిపట్టీలు, పంపు మోటారు బాడీ, చుట్టుపక్కల చేతికందే ప్రతి లోహాన్నీ రాగి తీగతో కలిపి, ఆ తేడాయే రాకుండా చూడటం బాండింగ్. ఊచలు కాంక్రీటులో మునిగాక వాటిని అందుకోవాలంటే పగలగొట్టడమొక్కటే దారి. మేము పగలగొట్టించాము.

ఆర్‌సీసీబీ విషయంలో నేను అసలు రాజీపడను. వెళ్లిన కరెంటుకూ తిరిగి వచ్చిన కరెంటుకూ 30 మిల్లీయాంపియర్ల తేడా వస్తే సరఫరాను ఆపేసే పరికరం అది. గుండె లయ తప్పడానికి యాంపియరులో పదో వంతు చాలు. అంత చిన్న లీకేజీని మామూలు బ్రేకరు గుర్తించదు. ఆర్‌సీసీబీ మాటిమాటికీ పడిపోతోందని దాన్ని తప్పించి నేరుగా వైరు కలిపేవారిని చూశాను. అది పడిపోవడం జబ్బు కాదు, ఎక్కడో తడి చేరిందన్న హెచ్చరిక! నీటిలోని దీపాలు కూడా 12 వోల్టులవే ఉండాలి, వాటి ట్రాన్స్‌ఫార్మరు నీటికి దూరంగా ఉండాలి.

పైపుల విషయానికొస్తే, అడుగున నీటిని లాగే డ్రెయిన్ ఒక్కటే ఉంటే, పిల్లల శరీరమో జుట్టో దాన్ని మూసినప్పుడు పంపు బలమంతా అక్కడే పడి, పెద్దవాళ్లు లాగినా విడిపించడం కష్టమవుతుంది. అందుకే కనీసం 3 అడుగుల ఎడంతో రెండు డ్రెయిన్లు పెట్టి, ఒకటి మూసుకున్నా రెండోది నీటిని లాగేలా ఒకే పైపుకు కలపాలి. వాటిపై జుట్టు చిక్కుకోని మూతలు బిగించాలి. పైపు సన్నదైతే పంపు అనవసరంగా శ్రమపడుతుంది. లాగే వైపు నీటి వేగం సెకనుకు 6 అడుగులు దాటకూడదు. వేగం మార్చుకోగల పంపును సగం వేగంతో నడిపితే దానికి పట్టే శక్తి దాదాపు ఎనిమిదో వంతుకు తగ్గుతుంది గనుక, దాని ధర చూసి వెనకాడవద్దు.

పైపులన్నీ బిగించాక, వాటిలో ఒత్తిడి ఎక్కించి లీకులు చూసే ప్రెషర్ టెస్ట్ చేయించి, కాంక్రీటు పోస్తున్నంతసేపూ ఆ ఒత్తిడిని అలాగే ఉంచమనండి. పార తగిలి పైపు పగిలితే గేజ్ ముల్లు అప్పటికప్పుడే పడిపోతుంది. ఆ ముల్లును మీ కళ్లతో చూడండి. ప్రతి పైపూ, ప్రతి రాగి తీగా ఏ గోడకు ఎంత దూరంలో ఉందో కనిపించేలా టేపు పెట్టి ఫొటోలు తీయండి. లారీ వచ్చాక కాదు, ముందు రోజే.