పన్ను వేసినప్పుడు సరుకే, లోపం బయటపడినప్పుడు?

2025 అక్టోబరు 14న విశాఖపట్నం పేరు దేశమంతా వినిపించింది. ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెట్టి ఇక్కడ కృత్రిమ మేధ కేంద్రాన్ని, దానికి తగిన గిగావాట్ స్థాయి డేటా సెంటర్‌ను నిర్మిస్తామని ఢిల్లీలో గూగుల్ ప్రకటించిన రోజది. సముద్రం అడుగున వచ్చే కేబుళ్లు మన తీరాన్ని తాకుతాయని కూడా చెప్పారు. సరిగ్గా అదే రోజున, కంప్యూటర్లను నడిపించే విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఉచిత భద్రతా అప్‌డేట్లు ఆపేసింది. మొదటి వార్తకు ఊరు సంబరపడింది, నేనూ సంబరపడ్డాను. రెండో దాని గురించి మాట్లాడినవారు చాలా తక్కువ. డేటా సెంటర్ లేవడానికి ఏళ్లు పడుతుంది. ద్వారకానగర్‌లో, డాబాగార్డెన్స్‌లో, గాజువాకలో ఈ పూట విండోస్ 10తో పనిచేస్తున్న కంప్యూటర్ల సంగతి అంతవరకు ఆగదు.

నేను తరచూ వెళ్లే డీటీపీ దుకాణం ఒకటి ఉంది. రెండు సిస్టమ్‌లు, ఒక ప్రింటర్, ఒక జిరాక్స్ యంత్రం, గోడ నిండా శుభలేఖల నమూనాలు. పేజీలు కూర్చే పేజ్‌మేకర్ ప్రోగ్రాంలో, అను అనే తెలుగు ఫాంట్లతో కొట్టిన ఫైళ్లు యజమాని దగ్గర పదిహేనేళ్లవి ఉన్నాయి. కిందటేడు వేసిన కార్డులో పేర్లు, ముహూర్తం మార్చి ఈ ఏడాది ఇంకొకరికి వేసే వ్యాపారం అది. ఆయన పెద్ద సిస్టమ్ 2016లో కొన్నది, ఇంటెల్ ఆరో తరం ప్రాసెసర్. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం లేదా ఆపై ప్రాసెసర్ ఉండాలి. అంటే ఆయన యంత్రం ఆ గుమ్మం దాటలేదు. "సిస్టమ్ బాగానే నడుస్తోంది కదండీ, మరి మార్చమని ఎందుకంటున్నారు?" అని ఆయన అడిగారు. ఆ ప్రశ్నకు సాంకేతికంగా జవాబు చెప్పడం తేలిక. న్యాయంగా చెప్పడమే కష్టం.

భద్రతా అప్‌డేట్ అంటే ఏమిటో ముందు స్పష్టం చేసుకోవాలి. అది కొత్త సౌకర్యం కాదు, అదనపు హంగు కాదు. ప్రోగ్రాం రాసినప్పుడే దొర్లిన తప్పును, అమ్మిన తర్వాత ఎవరో కనిపెడితే, రాసినవారు దిద్దే దిద్దుబాటు. ఇంటికి రంగు వెలిస్తే యజమానే వేయించుకుంటాడు. పునాదిలో ఇనుము తక్కువ వేశారని తొమ్మిదేళ్ల తర్వాత తెలిస్తే మాత్రం కట్టినవాడినే పిలుస్తాడు. "గడువు అయిపోయింది, కొత్త ఇల్లు కొనుక్కోండి" అనే మేస్త్రిని ఏ ఊరూ క్షమించదు. సాఫ్ట్‌వేర్ విషయంలో మాత్రం ఆ మాటకు మనం తల ఊపుతున్నాం.

పైగా, దిద్దుబాటు ఆగితే యంత్రం ఉన్నచోటే ఉండిపోదు, రోజురోజుకూ మరింత ప్రమాదంలో పడుతుంది. ప్రతి నెలా రెండో మంగళవారం మైక్రోసాఫ్ట్ అప్‌డేట్లు విడుదల చేస్తుంది. మన గడియారంలో అప్పటికి రాత్రి పదిన్నరో పదకొండున్నరో అవుతుంది. దాడులు చేసేవారు అదే రాత్రి కూర్చుని పాత ఫైలునూ కొత్త ఫైలునూ పక్కపక్కన పెట్టి, ఎక్కడ ఏ గీత మారిందో పోల్చి చూస్తారు. మారిన చోటే రంధ్రం ఉన్నట్టు. విండోస్ 10లో, 11లో చాలా కోడ్ ఉమ్మడిది. కాబట్టి ఆ ఉమ్మడి కోడ్‌కు 11లో వేసిన ప్రతి అతుకూ, అంటే దిద్దుబాటూ, అతుకు పడని 10లో దొంగ ఎక్కడ నుంచి దూరవచ్చో చూపించే పటంగా పనికొస్తుంది. విండోస్ 10 వాడే చిన్న దుకాణదారుకు ఇది తెలియదు, తెలిసే అవకాశమూ లేదు. ఆయనకు కనిపించేది ఎప్పటిలాగే వెలిగే తెర ఒక్కటే.

అతుకు లేకపోతే ఏమవుతుందో ఈ ప్రాంతం 2017 మేలో చూసింది. వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ రెండు మూడు రోజుల్లో 150 దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లకు పాకింది. ఫైళ్లన్నిటికీ తాళం వేసి, 300 డాలర్లు బిట్‌కాయిన్‌లో కడితే తెరుస్తామన్నది. బ్రిటన్‌లో ఆసుపత్రులు రోగులను వెనక్కి పంపాల్సి వచ్చింది. మన రాష్ట్రంలో పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా దెబ్బతిన్నాయి. అలా దెబ్బతిన్న జిల్లాల్లో విశాఖపట్నం, శ్రీకాకుళం ఉన్నాయి. నిజానికి ఆ రంధ్రానికి అతుకు అంతకు రెండు నెలల ముందు, మార్చి 14న, వచ్చేసింది. దెబ్బతిన్నవాటిలో ఎక్కువ భాగం విండోస్ 7 యంత్రాలు. అతుకు అందుబాటులో ఉన్నా వేసుకోనివి. ఆ తప్పు వాడుకదారులది, నిర్వాహకులది. దాన్ని కంపెనీ మీదకు నెట్టను.

అయితే ఆ కథలో ఎక్కువమంది గమనించని ఘట్టం ఇంకొకటి ఉంది. 2014 ఏప్రిల్‌లోనే మద్దతు ఆగిపోయిన విండోస్ ఎక్స్‌పీకి కూడా, దాడి మొదలైన వెంటనే మైక్రోసాఫ్ట్ అతుకు విడుదల చేసింది. మంచి పనే. కానీ ఆ ఫైలు మీది డిజిటల్ సంతకం తేదీ ఫిబ్రవరిది. అంటే మందు మూడు నెలల ముందే తయారై, ప్రత్యేక రుసుము కట్టే ఖాతాదారుల అరలో ఉంది. మిగిలినవారికి ఊరు అంటుకున్నాకే అందింది. నా వాదన మొత్తానికి మూలం ఇక్కడే ఉంది. తయారు చేయలేకపోవడం వేరు. తయారు చేసి ఉంచుకొని ఇవ్వకపోవడం వేరు.

విండోస్ 10 విషయంలోనూ జరుగుతున్నది రెండోదే. అతుకులు కుట్టడం ఆగలేదు. ఏటీఎంల వంటి ప్రత్యేక యంత్రాల కోసం ఇచ్చే ఐఓటీ ఎంటర్‌ప్రైజ్ ఎల్‌టీఎస్‌సీ 2021 అనే విండోస్ 10 కూర్పుకు 2032 జనవరి వరకు భద్రతా అప్‌డేట్లు వస్తాయని కంపెనీయే ప్రకటించింది. సంస్థలకు మరో పథకం: ఒక్కో కంప్యూటర్‌కు మొదటి ఏడాది 61 డాలర్లు, రెండో ఏడాది దానికి రెట్టింపు, మూడో ఏడాది మళ్లీ రెట్టింపు. మూడేళ్లకు కలిపి 427 డాలర్లు. ఆ డబ్బుతో సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ ఒకటి వస్తుంది. ఇళ్లలో వాడేవారికి ఒకే ఒక్క ఏడాది గడువు పెంచారు, 2026 అక్టోబరు 13 దాకా. అందుకు 30 డాలర్లైనా కట్టాలి, లేదా మన సెట్టింగులను మైక్రోసాఫ్ట్ ఖాతాలోకి బ్యాకప్ చేయాలి, లేదా వాళ్ల రివార్డు పాయింట్లు వెయ్యి ఇవ్వాలి. సొంత లోపాన్ని సరిచేసుకోవడానికి వాడుకదారుడి దగ్గర మారకం అడగడం నాకు ఎంతకీ మింగుడుపడదు.

ఐరోపాలో ఇది మింగుడుపడలేదు. అక్కడి వినియోగదారుల సంఘాలు చట్టాలు చూపించి నిలదీస్తే, 2025 సెప్టెంబరులో మైక్రోసాఫ్ట్ ఐరోపా ఆర్థిక ప్రాంతంలోని దేశాలకు ఆ బ్యాకప్ షరతును తీసేసింది. ఖాతాతో లాగిన్ అయితే చాలు, ఏడాది ఉచితం. అవే ఫైళ్లు, అదే కోడ్. బెర్లిన్‌లో షరతు లేకుండా ఇవ్వగలిగినది గాజువాకలో ఎందుకు ఇవ్వలేరు? కారణం సాంకేతికం కానే కాదు. అక్కడ అడిగారు, ఇక్కడ అడగలేదు.

అడగడానికి మనకు హక్కు ఉందా అన్నది అసలు ప్రశ్న. ఇక్కడ తెలుగువారు గర్వంగా గుర్తుచేసుకోవలసిన తీర్పు ఒకటి ఉంది. టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్‌కూ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ మధ్య నడిచిన కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2004 నవంబరు 5న తీర్పు ఇచ్చింది. సాఫ్ట్‌వేర్ కంటికి కనిపించని మేధో సంపద, దానిపై అమ్మకం పన్ను వేయకూడదు అన్నది కంపెనీ వాదన. కొనవచ్చు, అమ్మవచ్చు, నిల్వ ఉంచవచ్చు, చేతులు మార్చవచ్చు, కాబట్టి అంగట్లో దొరికే తయారు సాఫ్ట్‌వేర్ సరుకే అన్నది మన ప్రభుత్వ వాదన. ప్రభుత్వం గెలిచింది. పన్ను వసూలైంది.

సరుకు అని వాదించి గెలిచిన రాష్ట్రమే, ఆ సరుకులో లోపం ఉన్నప్పుడు కొన్నవాడి పక్షాన ఎందుకు మాట్లాడదు? బియ్యం బస్తాలో రాళ్లుంటే వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాం. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం, లోపమున్న వస్తువు వల్ల కలిగే హానికి తయారీదారును బాధ్యుణ్ని చేస్తూ ఒక అధ్యాయమే పెట్టింది. సొంత కష్టంతో బతకడానికి మాత్రమే వస్తువు కొన్న స్వయం ఉపాధి వ్యక్తిని కూడా ఆ చట్టం వినియోగదారుగానే చూస్తుంది. మన డీటీపీ యజమాని సరిగ్గా ఆ కోవలోకి వస్తాడు. కానీ అదే చట్టంలో "ఉత్పత్తి"కి ఇచ్చిన నిర్వచనం వాయు, ద్రవ, ఘన స్థితుల గురించి మాట్లాడుతుంది. సాఫ్ట్‌వేర్ పేరు ఎత్తదు. ఐరోపా 2024లో తెచ్చిన ఉత్పత్తి బాధ్యత ఆదేశం సాఫ్ట్‌వేర్‌ను పేరు పెట్టి మరీ ఉత్పత్తుల్లో చేర్చింది. భద్రతకు అవసరమైన అప్‌డేట్ ఇవ్వకపోవడం వల్ల లోపం ఏర్పడితే తయారీదారు తప్పించుకోలేడనీ చెప్పింది. 2026 డిసెంబరు 9 తర్వాత మార్కెట్లోకి వచ్చే వస్తువులకు అది వర్తిస్తుంది. సాఫ్ట్‌వేర్ అనే ఆ ఒక్క మాట మన చట్టంలోకి రావడానికి కొత్త చట్టం అక్కర్లేదు, ఒక సవరణ చాలు.

ఇప్పుడు ఉన్న రక్షణ ఎంతంటే, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మనం చదవకుండా "అంగీకరిస్తున్నాను" నొక్కే ఒప్పందమంత. నష్టం ఎంతైనా చెల్లించిన ధరకు మించి బాధ్యత లేదని అందులో రాసుకుంటారు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ కంపెనీ పంపిన ఒక్క తప్పుడు అప్‌డేట్‌తో ప్రపంచంలో సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు నీలి తెర దగ్గర ఆగిపోయినప్పుడు, అమెరికా విమానయాన సంస్థ డెల్టా 50 కోట్ల డాలర్ల నష్టం చెప్పి కోర్టుకెక్కింది. డెల్టాకు న్యాయవాదులున్నారు. పెళ్లిళ్ల సీజన్లో ఫైళ్లన్నీ తాళం పడిపోయిన డీటీపీ యజమానికి ఎవరున్నారు?

అవతలి పక్షం చెప్పేదాంట్లో బలం లేదని అనను. పాత కోడ్‌ను ఎల్లకాలం మోయడం ఖర్చుతో కూడిన పని. టీపీఎం చిప్ నిజంగానే భద్రత పెంచుతుంది. విండోస్ 10 వచ్చింది 2015 జులైలో, పదేళ్లు తక్కువేమీ కాదు. ఒప్పుకుంటాను. కానీ పదేళ్లు ఎవరికి? విండోస్ 11 వచ్చింది 2021 అక్టోబరులో. మైక్రోసాఫ్ట్ తన సైటులో విండోస్ 10 అమ్మకం ఆపింది 2023 జనవరి 31న. ఆ చివరి వారంలో డబ్బు పెట్టి కొన్నవాడికి దక్కింది మూడేళ్లు కూడా కాదు. గడువును విడుదలైన రోజు నుంచి లెక్కించడం కంపెనీకి సుఖం. చివరి ప్రతి అమ్మిన రోజు నుంచి లెక్కించడం న్యాయం. లైసెన్సు లేకుండా విండోస్ వేయించుకున్నవారి మాట వేరు, వారి తరఫున నేను వాదించడం లేదు. ఒకటి మాత్రం గుర్తుంచుకోవాలి, వారి యంత్రాల్లో చేరిన వైరస్ పురుగు లైసెన్సు ఉన్నవారినీ వదలదు.

విండోస్ వదిలి, దాని బదులు ఉచితంగా దొరికే "లైనక్స్‌కు మారిపోండి" అనే మిత్రులు నాకు చాలామంది ఉన్నారు. కేరళ ప్రభుత్వ పాఠశాలలు దశాబ్దాలుగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌తో నడుస్తున్నాయి, మన దగ్గర స్వేచ్ఛ సంస్థ ఇందుకోసం ఎంతో శ్రమపడింది. వారి పట్ల నాకు గౌరవం ఉంది. ఇంటర్నెట్ చూసుకోవడానికి, ఉత్తరాలు రాసుకోవడానికి వాడే ఇంటి కంప్యూటర్లకు అది నిజంగా మంచి దారి, ఈ వారమే మారవచ్చు. డీటీపీ దుకాణానికి మాత్రం ఆ సలహా సరిపడదు. పేజ్‌మేకర్ అభివృద్ధి ఇరవయ్యేళ్ల కిందటే ఆగిపోయింది. అను ఫాంట్లతో కొట్టిన అక్షరాలు అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే యూనికోడ్ కావు, వేరే చోట తెరిస్తే అర్థం లేని గుర్తులవుతాయి. డిజిటల్ సంతకం టోకెన్లకు, వేలిముద్ర యంత్రాలకు దుకాణదారులు వాడే డ్రైవర్లు ఎక్కువగా విండోస్‌వే. అచ్చు తెలుగు మొత్తం ఒక పాత ప్రోగ్రాం మీద, ఆ ప్రోగ్రాం ఒక కంపెనీ వ్యవస్థ మీద నిలబడి ఉంది. యూనికోడ్ వైపు మన ముద్రణ రంగం ఇంత ఆలస్యంగా నడవడానికి బాధ్యత మనదే, ఆ మాట కూడా నొప్పిగానే రాస్తున్నాను.

అందరి పెన్‌డ్రైవ్‌లూ వచ్చి చేరే చోటు ఆ దుకాణం అన్నది ఇంకా పెద్ద దిగులు. 2012లో తూర్పు నౌకాదళ కేంద్రం కంప్యూటర్లలోకి పెన్‌డ్రైవ్‌ల ద్వారా పురుగు చేరి, సమాచారాన్ని చైనా చిరునామాలకు పంపిందని జాతీయ పత్రికలు రాశాయి. ఇంటర్నెట్‌తో సంబంధం లేని యంత్రాలకే ఆ గతి పడితే, ఉదయం నుంచి రాత్రి దాకా విద్యార్థుల రెజ్యూమేలు, గుమాస్తాల దస్తావేజులు, షిప్పింగ్ ఏజెంట్ల కాగితాలు ఒకే సిస్టమ్‌లో తెరిచే దుకాణం సంగతి ఊహించవచ్చు. ఓడరేవు, ఉక్కు కర్మాగారం, చమురు శుద్ధి కేంద్రం, నౌకాదళం ఉన్న ఊరిలో చిన్న దుకాణపు కంప్యూటర్ ఎవరికీ పట్టనిది కాకూడదు.

అడిగితే దొరుకుతుందనడానికి గూగులే ఒక ఉదాహరణ. ఆ కంపెనీ సాఫ్ట్‌వేర్‌తో నడిచే క్రోమ్‌బుక్ ల్యాప్‌టాప్‌లకు అప్‌డేట్ల గడువు ముందుగానే ముగిసిపోతోందని అమెరికాలో వినియోగదారుల సంఘాలు, పాఠశాలల పక్షాన గట్టిగా గొంతెత్తాక, 2023 సెప్టెంబరులో ఆ కంపెనీ గడువును పదేళ్లకు పెంచింది. అదే గూగుల్‌ను ఇప్పుడు మన ప్రభుత్వం పక్కన కూర్చోబెట్టుకుని భూమి, నీరు, విద్యుత్తు గురించి మాట్లాడుతోంది. పెద్ద టెక్నాలజీ కంపెనీలతో రాష్ట్రానికి ఇంత దగ్గరగా మాట్లాడే సందర్భం మునుపెప్పుడూ రాలేదు. ఇక్కడ అమ్మే ప్రతి ఫోనుకు, ప్రతి ల్యాప్‌టాప్‌కు భద్రతా అప్‌డేట్లు ఏ తేదీ దాకా వస్తాయో పెట్టె మీదే ముద్రించమని కేంద్రాన్ని కోరడానికి, ఐరోపాకు ఇచ్చినది మాకూ ఇమ్మని మైక్రోసాఫ్ట్‌కు లేఖ రాయడానికి రాష్ట్రానికి ఒక్క రూపాయి ఖర్చు కాదు.

నా డీటీపీ మిత్రుడి రెండో సిస్టమ్‌ను నెట్ నుంచి తప్పించి, పాత ఫైళ్లన్నీ వేరే డిస్కులోకి ఎక్కించాం. పెద్ద సిస్టమ్‌ను తన మైక్రోసాఫ్ట్ ఖాతా కింద ఆ ఏడాది పొడిగింపులో చేర్చుకున్నాడు. అది 2026 అక్టోబరు 13 దాకా ఆయన్ను కాపాడుతుంది. లేఖ రాయాలంటే ఆలోగానే రాయాలి.