బరంపురంలో పట్నాయక్ లేడట!

పాత బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వాళ్ళు బాబాయ్ పట్టుచీరల కొట్టు లెక్కలన్నీ గుప్పిట్లో పెట్టుకుని కూర్చున్నారు. ఏటా సొమ్ము కడితేనే ప్రోగ్రామ్ తెరుచుకుంటుంది. వేరే చోటికి పోతామంటే డేటా ఇవ్వరు. అందుకే కొత్తది రాసే భాగ్యం నాకు దక్కింది. బాబాయ్ షరతు ఒకటే: "ఇకమీద ఎవడి కాళ్ళూ పట్టుకోకూడదురా."

ప్రోగ్రామ్‌కీ డేటాబేస్‌కీ మధ్య దుబాసీగా హైబర్నేట్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టాను. ప్రోగ్రామ్ దానితోనే మాట్లాడుతుంది. కింద ఏ డేటాబేస్ ఉంటే ఆ యాసలో అది డేటాబేస్‌ల భాషైన ఎస్‌క్యూఎల్ రాసుకుంటుంది. ఎస్‌క్యూఎల్‌కి 1986లోనే ప్రమాణం వచ్చినా ఇప్పటికీ ఎవరి యాస వారిదే మరి! "రెండు మూడు లైన్లు మారిస్తే మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ పోయి పోస్ట్‌గ్రెస్ వస్తుంది బాబాయ్" అన్నాను. "ఏదీ, చూపించు" అన్నాడు. మా ఊరి అమ్మవారి జాతర ఠాకురాణి యాత్ర ముందు, కొట్టు కిటకిటలాడుతున్న వేళ!

మార్చాను. టీ వచ్చింది. గుమాస్తా ఖాతాదారు పేరు కొట్టాడు: పట్నాయక్.

ఎవరూ లేరంది తెర.

ఒడిశాలో పట్నాయక్ లేడట! బిజూ, జానకీ బల్లభ్, నవీన్ అని ముగ్గురు ముఖ్యమంత్రులనిచ్చిన ఇంటిపేరు. భువనేశ్వర్‌లో విమానం దిగాలన్నా పట్నాయక్ పేరున్న చోటే దిగాలి. నవీన్ గెలుస్తూ వచ్చిన హింజిలి మా ఊరి పక్కనే. సరిహద్దు దాటి శ్రీకాకుళం వైపు పోయినా కరణాల ఇళ్ళలో పట్నాయక్‌లే. అంతెందుకు, ఓ పట్నాయక్ గారు చీర చేత్తో పట్టుకుని కౌంటర్ ముందే నిలబడి ఉన్నారు.

"నేనున్నాను కదా?" అన్నారు పాపం, అనుమానంగా.

"లేరండీ" అన్నాడు గుమాస్తా, తెర మీంచి చూపు తిప్పకుండా.

సంగతేమిటంటే, ఖాతా పుస్తకాలు చూసి ఇంగ్లీషులో పేర్లు ఎక్కించినప్పుడు మొదటి అక్షరం పెద్దబడిలో (క్యాపిటల్ లెటర్‌లో) పెట్టాను. గుమాస్తా అన్నీ చిన్నబడిలోనే కొడతాడు. మైఎస్‌క్యూఎల్ మామూలుగా ఆ తేడా పట్టించుకోదు. పోస్ట్‌గ్రెస్‌కి మాత్రం ఇద్దరూ వేర్వేరు మనుషులు. హైబర్నేట్ పేరును కిందికి అందించి చేతులు దులుపుకుంటుంది, పోల్చి చూసే పని డేటాబేస్‌దేనట. "లైను మార్చండి చాలు" అని పాఠాలు చెప్పే మహానుభావుల్లో ఒక్కడైనా ఒక్క పట్నాయక్‌ని వెతికి చూసి చెప్పొచ్చుగా!

ఇదంతా బాబాయ్‌కి వివరిస్తుంటే పట్నాయక్ గారి మొహం వెలిగిపోయింది.

"అయితే బాబూ, నా పాత బాకీ కూడా లేనట్టేగా?"

బాబాయ్ గుమాస్తాని అటకెక్కించాడు, ఖాతా పుస్తకం కోసం.