చిత్రకళా ప్రదర్శనలో బొమ్మలెందుకండీ?

మా ఊరి ఆర్టు గ్యాలరీలో గోడల ఉపసంఘానికి నేను కన్వీనర్ని. నవ్వకండి, బాధ్యత గల పదవి. ఏ గోడకి ఎన్ని మేకులు కొట్టాలి, ఏ మేకు ఎవరి బొమ్మకి ఇవ్వాలి, సున్నం పెచ్చులు ఊడితే ఎవరిని తిట్టాలి, ఇవన్నీ నేనే చూసుకోవాలి. తొమ్మిదేళ్ళుగా ఈ పదవిలో ఉండి, జరిగిన ప్రతి ప్రదర్శననీ నిచ్చెన మీద నుంచి చూసి, బాగా ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చాను. మన ప్రదర్శనల్లోంచి బొమ్మలు తీసేయాలి.

కంగారు పడకండి. ప్రదర్శన మానేయమనడం లేదు. ప్రారంభ సభ ఉంటుంది, జ్యోతి ఉంటుంది, శాలువాలుంటాయి, ఉప్మా ఉంటుంది. ఒక్క బొమ్మలే ఉండవు. ఉన్నా లేకపోయినా తేడా తెలియని ఖర్చు ఏదో కనిపెట్టి తీసేయడమే కదా పొదుపంటే.

మాది రాజమండ్రికి బస్సులో గంటన్నర దూరం. గ్యాలరీ అన్నానని పెద్దగా ఊహించుకోకండి, పాత గ్రంథాలయం మేడ మీద ఒక హాలు, రెండు కిటికీలు, వాటిలో ఒకటి మూసుకోదు. ప్రభుత్వం డబ్బు పైసా లేదు, ఊళ్ళోవాళ్ళమే చందాలు వేసుకుని నడుపుతున్నాం. జీవిత సభ్యులు అరవై ముగ్గురు, వాళ్ళలో కొందరికి జీవితం అయిపోయింది గానీ సభ్యత్వం ఇంకా నడుస్తోంది. ఉపసంఘాలు ఏడు. కమిటీలో చిత్రకారులు మాత్రం ఒక్కరు కూడా లేరు. ఉంటే పక్షపాతం వస్తుందని నియమావళి రాసుకున్న రోజే జాగ్రత్త పడ్డాం.

మొన్న ఆదివారం జరిగిన ప్రదర్శన సంగతే చూడండి. చిత్రకారుడు పక్క మండలంలో హైస్కూల్ డ్రాయింగ్ మాస్టారు. బడిలో ఆయన పని చాలావరకు బోర్డు మీద సుస్వాగతం అని రాయడం, రాని మాస్టార్ల క్లాసులు చూసుకోవడం. మిగిలిన టైములో, అంటే రాత్రి పదకొండు దాటాక, నాలుగేళ్ళు కూర్చుని ఇరవై రెండు బొమ్మలు వేశారు. మేము ఆయనకి మూడు గోడలు ఇచ్చాం. నాలుగో గోడ వేదికకి కావాలి కదా.

వేదిక వెనక ఫ్లెక్సీ పన్నెండడుగుల పొడవు, ఎనిమిది అడుగుల ఎత్తు. టేపు ఎలాగూ నా దగ్గరే ఉంటుంది కాబట్టి ఊరికే ఉండలేక కొలిచాను, 96 చదరపు అడుగులు. మాస్టారి బొమ్మ ఒక్కొక్కటి రెండడుగులు బై అడుగున్నర, మొత్తం ఇరవై రెండూ కలిపినా 66 చదరపు అడుగులకి మించలేదు. ఫ్లెక్సీ మీద పద్నాలుగు మొహాలున్నాయి, అధ్యక్షులవారిది అన్నిటికంటే పెద్దది. మాస్టారి ఫోటో లేదు. పంపమని చెప్పామంటాడు కార్యదర్శి, పంపానంటారు మాస్టారు. అది వేరే గొడవ. పైగా ఇరవై రెండిట్లో ఒక బొమ్మ కనపడకుండా పోయి మాస్టారు మూడు రోజులు మెట్ల కింద, బీరువాల వెనక వెతుక్కున్నారు. చివరి రోజు ఫ్లెక్సీ విప్పితే దాని వెనకే మేకుకి చక్కగా వేలాడుతూ ఉంది. వంకర కూడా పోలేదు. ఆ మేకు కొట్టింది నేనే అని చెప్పుకోవడానికి గర్వపడుతున్నాను.

జ్యోతి ప్రజ్వలన ఒక ప్రదర్శనకి ప్రాణం అని మా సభల ఉపసంఘం అభిప్రాయం. ప్రాణం కాబట్టే ఫ్యాన్లు ఆపేస్తాం. ఆగస్టు ఉక్క, మేడ మీద హాలు, అరవైమంది జనం. ప్రమిదలో ఒత్తులు అయిదు, వేదిక మీద పెద్దలు తొమ్మిదిమంది. ఎవరిని పిలిచి ఎవరిని పిలవకపోయినా వచ్చే ఏడాది చందా ఆగిపోతుంది. దానికీ ఉపాయం ఉంది, ఒక కొవ్వొత్తిని ముగ్గురు కలిసి పట్టుకుంటారు. ఫోటోలో చూస్తే ఎవరో వాళ్ళ చేతిలోంచి లాక్కుంటున్నట్టు ఉంటుంది గానీ వెలిగించినట్టు రికార్డు అయిపోతుంది.

ముఖ్య అతిథి రైసు మిల్లు యజమాని, మనిషి మంచివాడు. మైకు అందుకోగానే నాకు బొమ్మల గురించి ఏమీ తెలియదు అని నిజాయితీగా ఒప్పుకున్నారు, ఒప్పుకుని నలభై నిమిషాలు దాని గురించే మాట్లాడారు. తర్వాత సన్మానాలు. పదకొండు శాలువాలు కప్పాం, చివర్లో ఒకటి తక్కువ పడింది. ఎవరికి తక్కువ పడి ఉంటుందో మీరే ఊహించుకోండి. మాస్టారు మొహమాటపడి పరవాలేదండీ అన్నారు, వందన సమర్పణ అయ్యాక కార్యదర్శి తనకి కప్పింది తీసి ఆయనకి కప్పి ఫోటో తీయించి, మళ్ళీ తీసుకున్నాడు. రాత్రి ఎనిమిదిన్నరకి సభ అయింది. ఉప్మా తిన్నవాళ్ళు తిన్నట్టే మెట్లు దిగారు. ఇద్దరు ముగ్గురు మాత్రం చేతులు తుడుచుకోవడానికి కాగితం వెతుకుతూ గోడలదాకా వెళ్ళారు, ఆ లెక్కన బొమ్మలు చూసినవాళ్ళు అసలు లేరనడం అన్యాయం.

ఇప్పుడు ఖర్చు సంగతి. ఫ్రేములు మాస్టారివి, అద్దాలు మాస్టారివి, రెండు ట్రిప్పుల ఆటో మాస్టారిదే. గోడ వాడుకున్నందుకు మాకు ఆయన కట్టింది 1,500. మేమేమిచ్చాం అంటారా, ప్రశంసాపత్రం ఇచ్చాం. అదీ ఫ్రేము కట్టించకుండా చుట్టి ఇచ్చాం, కట్టించుకోవడం ఆయనకి అలవాటే కదా అని.

అమ్మకాల విషయంలో మా గ్యాలరీ ఏమీ వెనకబడి లేదు. పెద్ద ఊళ్ళలో అమ్ముడుపోయిన బొమ్మ పక్కన ఎర్ర చుక్క స్టిక్కర్ అంటిస్తారని ఎవరో చెబితే కోశాధికారి ఒక పెద్ద ప్యాకెట్ కొనుక్కొచ్చాడు, అందులో అయిదు వందలున్నాయి. తొమ్మిదేళ్ళ తర్వాత ఇంకా నాలుగు వందల ఎనభై పైచిలుకు ఉన్నాయి, బంక మాత్రం ఎండిపోతోంది. ఒకసారి ఎవరో ఆవిడ వాటిని బొట్టుబిళ్ళలనుకుని, గోడ మీద ఒక ఇల్లాలి బొమ్మకి నుదురు బోసిగా ఉందని జాలిపడి ఒకటి తీసి అంటించింది. బొమ్మ అమ్ముడుపోయిందనుకుని దాన్ని వేసిన కుర్రాడు కిలో కాజాలు తెచ్చి అందరికీ పంచాడు. నేనూ రెండు తిన్నాను. నిజం తెలిశాక వెనక్కి ఇచ్చే వీలు లేదు.

కొనేవాళ్ళు అసలు లేరని కాదు. వస్తారు, నిలబడతారు, మా తూర్పు గోడకి పనికొస్తుందా అని అడుగుతారు. పరుగెత్తే ఏడు గుర్రాలైతే ఆలోచిస్తారు. ఒక కుర్రాడు తొందరలో ఆరే వేశాడు. వచ్చినవాళ్ళందరూ వేలుపెట్టి లెక్కపెట్టి వెళ్ళిపోయారు. గుర్రాలు బాగున్నాయా, కాళ్ళు కాళ్ళలా ఉన్నాయా అని చూసినవాడు లేడు. ఉగాది ప్రదర్శనకి మూలగా ఒక తల కలిపి తెచ్చాడు, రెండు రోజుల్లో పోయింది.

గుర్రాలు తర్వాత బుద్ధుడు, ఎడ్లబండి, గోదావరి మీద ఆర్చి వంతెన, పెద్ద బొట్టు పెట్టుకున్న ఆడమనిషి. ఈ ఆఖరిదాని గురించి ఒక మాట చెప్పాలి. తోట వైకుంఠంగారు చిన్నప్పుడు తెలంగాణ పల్లెలో తన చుట్టూ చూసిన ఆడవాళ్ళని వేశారు, ఆ చీరల రంగులు, ఆ బొట్లు, ఆ ఒడ్డూ పొడుగూ అన్నీ అక్కడివే. మావాళ్ళు మాత్రం గోదావరి గట్టున కూర్చుని వైకుంఠంగారి బొమ్మలు చూసి వేస్తారు. ఎదురుగా రేవులో నిజం ఆడమనిషి బట్టలు ఉతుకుతూ ఉంటుంది, ఆవిడ అడ్డం వచ్చిందని కుర్చీ అటు తిప్పుకుంటారు.

మా అధ్యక్షులవారికి చిత్రకారులంటే ప్రాణం, పోయినవాళ్ళయితే. ఏ సభలో లేచినా దామెర్ల రామారావుగారితోనే మొదలుపెడతారు. 1897లో పుట్టి, బొంబాయి జె.జె. స్కూల్లో చదివి, 1925లో మశూచి సోకి ఇరవై ఎనిమిదేళ్ళు నిండకుండానే పోయాడు మహానుభావుడు, ఆయనకి జరగాల్సినంత గౌరవం జరగలేదు అని గొంతు పూడుకుపోయేలా చెబుతారు. అంతా నిజమే. అది చెబుతున్నంతసేపూ బతికున్న డ్రాయింగ్ మాస్టారు పక్కనే నిలబడి, నేను జారకుండా నిచ్చెన పట్టుకుని ఉంటారు. రామారావుగారిలో విద్యని ముందు గుర్తుపట్టింది రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర. గుర్తుపట్టి కుర్రాణ్ణి బొంబాయి పంపించే ఏర్పాటు చూశాడట, శాలువా కప్పాడని మాత్రం నేనెక్కడా చదవలేదు. దొరలకి మన మర్యాదలేం తెలుసు.

ఆయన పోయాక వరదా వెంకటరత్నంగారు, ఇంకొందరు స్నేహితులు కలిసి ఆ బొమ్మలు కాపాడి, పిల్లలకి గీయడం నేర్పుతూ ఆయన విద్యని నిలబెట్టారు. ఇప్పుడు రాజమండ్రిలో ప్రభుత్వం చేతిలో ఉన్న దామెర్ల గ్యాలరీకి మొదలు అదే. అంటే అదీ మాలాగా ఊళ్ళోవాళ్ళు నడిపిందే! తేడా ఏమిటంటే వాళ్ళు ఉపసంఘాలు వేసుకోవాల్సిన టైములో బొమ్మలు వేశారు. ఇంకా ఘోరం మద్రాసు దగ్గర చోళమండలం అనే చిత్రకారుల ఊరు. 1966లో చిత్రకారుడు కె.సి.ఎస్. పణిక్కర్‌గారూ, ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళూ బాతిక్ గుడ్డలూ అవీ చేసి అమ్ముకుని, ఆ డబ్బుతో సముద్రం పక్కన స్థలం కొనేసి అక్కడే ఇళ్ళు కట్టుకుని బొమ్మలు వేసుకుంటూ కూర్చున్నారు. ఇది మా కమిటీలో ఒకసారి చర్చకి వచ్చింది. చిత్రకారుడు తన స్థలం తనే కొనుక్కుంటే ఇక అధ్యక్షుడెందుకు, కార్యదర్శి ఎందుకు, నేనెందుకు? ఏకగ్రీవంగా ఖండించాం.

బొమ్మల వల్ల ఇంకో ప్రమాదం కూడా ఉంది. సందర్శకుల పుస్తకంలో మామూలుగా చాలా బాగుంది, ఇలాంటివి మరిన్ని జరపాలి అనే ఉంటాయి. ఒక పిల్లాడు ఫ్యాను బాగుంది అని రాశాడు, అది కరెక్టే, కొత్తది. కానీ మొన్న మూడో రోజు మధ్యాహ్నం, కింద మెట్ల దగ్గర జామకాయలు అమ్మే మామ్మ ఎండకి తాళలేక పైకి వచ్చింది. ఎవరూ పిలవలేదు. తట్ట గుమ్మంలో దించి, కొంగుతో మొహం తుడుచుకుని, ఎడ్లబండి బొమ్మ ముందు చాలాసేపు నిలబడింది. తర్వాత మాస్టారిని పిలిచి, "ఇదేంటి బాబూ, కాడి ఇలా పెడితే ఎద్దు మెడ కోసుకుపోద్ది. ఇంకాస్త వెనక్కుండాలి. నువ్వెప్పుడూ బండి కట్టలేదా?" అంది.

మాస్టారు లేదన్నారు. మామ్మ జామకాయ పట్టుకున్న చేత్తోనే గాలిలో కాడి ఎక్కడుండాలో, పలుపు ఎటునుంచి రావాలో చూపించింది. ఆయన జేబులోంచి పెన్సిల్ తీసి ప్రశంసాపత్రం వెనక గీసుకున్నారు. ఇద్దరూ ముప్పావుగంట అలా మాట్లాడుకుంటూనే ఉన్నారు, సభాధ్యక్షుడు లేకుండా, మైకు లేకుండా, వందన సమర్పణ లేకుండా. నాలుగింటికి తాళం వేయాలని నేను రెండుసార్లు దగ్గాను. వినిపించుకోలేదు.

దీనిమీద వెంటనే అత్యవసర సమావేశం పెట్టాం. జీవిత సభ్యురాలు కాని వ్యక్తి ప్రదర్శనలో ఉన్న బొమ్మ మీద అభిప్రాయం చెప్పడం, చిత్రకారుడు దాన్ని వినడం మా నియమావళిలో ఎక్కడా లేదు. ఇలాగే వదిలేస్తే రేపు చేపలు పట్టేవాడొచ్చి పడవ గురించి చెబుతాడు, రేవులో బట్టలుతికేవాళ్ళు వచ్చి చీర కుచ్చిళ్ళ గురించి చెబుతారు. ఇంకెవరు సభలకొస్తారు? అందుకే వచ్చే దసరా ప్రదర్శన నుంచి గోడల మీద బొమ్మలు పెట్టకూడదని నేను ప్రతిపాదించాను, అధ్యక్షులవారు బలపరిచారు. ఆ ఖాళీ మూడు గోడలకీ ఫ్లెక్సీ కొటేషన్ తెమ్మని కార్యదర్శికి అప్పజెప్పాం.

మేకులు మాత్రం పీకడం లేదు. సభ అయ్యేదాకా శాలువాలు తగిలించుకోవడానికి ఉంటాయి.