ల షాంబోలో తలుపులు ఎందుకు తెరుచుకున్నాయి?

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో వేలాది శరణార్థులను, ముఖ్యంగా యూదులను, దాచి కాపాడిన ఊరిగా ల షాంబో-సుర్-లిన్యోకు పేరుంది. ఫ్రాన్స్ దక్షిణ మధ్య భాగంలోని కొండల్లో, ఓత్-ల్వార్ జిల్లాలో ఉంటుంది. జనాభా ఇప్పటికీ రెండున్నర వేలకు అటూ ఇటూ. ఈ ఊరి కథ ఎవరు చెప్పినా ఆండ్రే ట్రోక్మే అనే పాస్టర్ ధైర్యంతో మొదలై అక్కడే ఆగిపోతుంది. ఆ ధైర్యం నిజం. కానీ ఊరి నేల, పాత చరిత్ర, అక్కడి జనం బతుకుతెరువు వదిలేస్తే మనకు అర్థమయ్యేది సగమే.

ఊరు దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున ఉంది. చుట్టూ అడవి, పచ్చిక బయళ్లు, దూరదూరంగా విసిరేసినట్టు నల్లరాతి గోడల రైతుల ఇళ్లు. చలికాలంలో 'బ్యుర్ల్' అనే ఉత్తరపు గాలి మంచును ఎగదోసి దారులు మూసేస్తుంది. యుద్ధ రోజుల్లో యూదుల కోసం పోలీసులు కొండెక్కి వస్తుంటే ముందే తెలిసిపోయేది. తెలిశాక అడవిలోకో, పక్క రైతు ఇంటికో పిల్లల్ని తరలించేవారు.

ఇక్కడివాళ్లలో ఎక్కువమంది ప్రొటెస్టంట్లు. క్యాథలిక్ ఫ్రాన్స్‌లో అల్పసంఖ్యాకులు. 1685లో పద్నాలుగో లూయీ వాళ్ల మతాన్ని నిషేధించాడు. పాస్టర్లను తరిమేశారు, మందిరాలను కూల్చారు. 1787లో కొంత ఊరట దక్కేదాకా, వందేళ్ల పాటు అడవుల్లో చాటుమాటుగా ఆరాధన చేసుకున్నారు. ప్రభుత్వం చెప్పిందల్లా న్యాయం కాదని వీళ్లకు ఇంట్లో తాతలు చెప్పిన కథల్లోనే తెలుసు. అందుకే 1940 జూన్ 23న, ఫ్రాన్స్ లొంగిపోయిన మర్నాడు, ట్రోక్మే, ఆయన సహచరుడు ఎడువార్ టెయిస్ ఆత్మబలంతో ఎదిరించాలని బోధిస్తే ఆ మాట జనానికి కొత్తగా అనిపించలేదు.

నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచేది బతుకుతెరువు. 1893లో లూయీ కోంత్ అనే పాస్టర్, బొగ్గు గనులు, ఫ్యాక్టరీల పొగ నిండిన సెయింట్-ఎటియెన్ నగరం నుంచి కార్మికుల పిల్లలను వేసవిలో ఈ కొండ పల్లెలకు పంపే పని మొదలుపెట్టాడు. రైతు కుటుంబాలు వాళ్లను ఇళ్లలో ఉంచుకునేవి. 1902లో చిన్న రైలు వచ్చింది. మంచి గాలి కోసం పట్నవాసులు రావడం, వాళ్ల కోసం బస ఇళ్లు పెరగడం జరిగాయి. 1938లో ట్రోక్మే, టెయిస్ ఒక స్కూలు పెట్టారు. అంటే యుద్ధం వచ్చేసరికి అదనపు మంచాలు, పెద్ద వంటగదులు, పరాయి పిల్లలకు అన్నం పెట్టే అలవాటు అన్నీ ఊళ్లో ఉన్నాయి. క్వేకర్లు అనే క్రైస్తవ శాఖ, స్విస్ సహాయ సంస్థ, ఫ్రెంచ్ ప్రొటెస్టంట్ల 'సిమాద్' లాంటివి పిల్లల, విద్యార్థుల వసతి గృహాల ఖర్చు భరించాయి. డబ్బు ప్రస్తావన వస్తే ఆ మంచితనం విలువ తగ్గుతుందని కొందరు అనుకుంటారు. నేను ఒప్పుకోను. వేలమందికి ఏళ్ల తరబడి తిండి పెట్టాలంటే మనసొక్కటే సరిపోదు.

మనసు కూడా తక్కువేం లేదు. యుద్ధం మొదట్లో ఒక చలికాలపు రాత్రి, మంచులో తడిసిన ఒక జర్మన్ యూదు స్త్రీ పాస్టర్ ఇంటి తలుపు తట్టింది. ట్రోక్మే భార్య మగ్డా లోపలికి రమ్మంది. తడి బూట్లు ఆరతాయని పొయ్యి దగ్గర పెట్టి, ఆమెకు కాగితాలు ఇప్పించడానికి మేయర్ దగ్గరికి పరుగెత్తింది. ఆయన ఆమెను పంపేయమన్నాడు. తిరిగొచ్చేసరికి బూట్లు మాడిపోయాయి. అంతా రేషన్ మీద నడిచే రోజుల్లో ఇంకో జత సంపాదించడం ఎంత టెన్షనో ఊహించుకోవచ్చు.

1942 ఆగస్టులో, జర్మనీతో చేతులు కలిపిన ఫ్రాన్స్ విషీ ప్రభుత్వంలో యువజన శాఖ పెద్ద జార్జ్ లామిరాన్ వచ్చినప్పుడు విద్యార్థులు ఆయనకొక లేఖ ఇచ్చారు. పారిస్‌లో జూలైలో జరిగిన యూదుల అరెస్టులను అందులో నిలదీశారు. ఆ తర్వాత కొద్దిరోజులకే పోలీసులు బస్సులతో వచ్చి వెతికి, దాదాపు ఖాళీ చేతులతో వెళ్లారు. ప్రతిసారీ అలా జరగలేదు. 1943 జూన్ 29న నాజీ రహస్య పోలీసు దళం గెస్టపో ఒక విద్యార్థి వసతి గృహంపై దాడి చేసింది. దాన్ని చూసుకునే డానియేల్ ట్రోక్మే, పాస్టర్‌కు బంధువు, పిల్లలను వదిలి పారిపోలేదు. 1944లో నాజీల మైదానెక్ క్యాంపులో చనిపోయాడు.

1990లో ఇజ్రాయెల్‌లోని యూదుల ఊచకోత స్మారక సంస్థ యాద్ వాషెం ఈ ఊరినీ చుట్టుపక్కల పల్లెలనూ కలిపి గౌరవించింది. పాస్టర్‌తో పాటు పేరు తెలియని రైతులకూ అందులో వాటా దక్కింది కాబట్టి, అది సరైన పని.

ట్రోక్మే, టెయిస్ పెట్టిన ఆ స్కూలు 2014లో మూతపడింది. నాకు నిజంగా బాధ కలిగించే విషయం ఇదే. అంతకు ముందు ఏడాదే ఊళ్లో స్మారక మ్యూజియం తెరిచారు. మ్యూజియం కావాల్సిందే, కానీ అది పిల్లలకు పక్క వేసి అన్నం పెట్టదు. చిన్నప్పుడు తల్లిదండ్రులతో ఇక్కడ తలదాచుకున్న వియన్నా వాసి ఎరిక్ ష్వామ్ 2020 డిసెంబరులో, 90 ఏళ్ల వయసులో చనిపోతూ ఊరికి పెద్ద ఆస్తి రాసిచ్చాడు. దాన్ని పిల్లల కోసం, చదువుల కోసం వాడమన్నాడు. ఊళ్లో ఇప్పుడు ఆశ్రయం కోరి వచ్చిన విదేశీ కుటుంబాలకు వసతి కేంద్రం కూడా ఉంది. ఆ డబ్బులో కొంత వాళ్ల పిల్లల చదువుకు కూడా ఖర్చుపెట్టాలని నా కోరిక.