ఒక్క గంతులోనా, మెట్టు మెట్టూ ఎక్కా?

ఉబుంటు అనే ఆపరేటింగ్ సిస్టమ్ 20.04 వెర్షన్ మీద నడిచే పాత సర్వర్. దాని మామూలు సపోర్ట్ 2025 మేలోనే అయిపోయింది. 24.04కి తీసుకెళ్లాలి. ఎలా అన్నదే గొడవ. నాది సీనియర్ పక్షమని ముందే చెప్పేస్తున్నా.

జూనియర్: ప్యాకేజీలు ఎక్కడినుంచి రావాలో చెప్పే సోర్సెస్ ఫైల్‌లో ‘ఫోకల్’ (20.04 పేరు) అన్నచోటల్లా ‘నోబుల్’ (24.04 పేరు) అని మార్చేస్తే ఒక్క రాత్రిలో అయిపోతుంది కదన్నా. మధ్యలో 22.04 ఎందుకు?

సీనియర్: ఒక ఎల్‌టీఎస్ (ఏళ్ల తరబడి సపోర్ట్ ఉండే వెర్షన్) నుంచి దాని వెంటనే వచ్చే ఎల్‌టీఎస్‌కి మాత్రమే వాళ్లు దారి వేసి ఉంచారు కాబట్టి. ఆ దారిలో తీసుకెళ్లే డు-రిలీజ్-అప్‌గ్రేడ్ కమాండ్ ఊరికే ప్యాకేజీలు మార్చి వదిలేయదు. ఉబుంటువి కాని బయటి రిపాజిటరీలను (ప్యాకేజీలు దొరికే చోట్లను) ఆపేస్తుంది. నువ్వు ఎస్‌ఎస్‌హెచ్‌తో దూరం నుంచి సర్వర్‌లోకి వచ్చి ఉంటే, లైన్ తెగినా మళ్లీ లోపలికి రావడానికి 1022 పోర్టులో ఇంకో తలుపు తెరుస్తుంది. నీ ఫైండ్-రీప్లేస్‌కి ఇవన్నీ ఏం తెలుసు? ప్యాకేజీలు ఒకదానిమీద ఒకటి ఆధారపడే డిపెండెన్సీలు ముడిపడి సగంలో ఆగిందనుకో, అటు ఫోకలూ కాదు, ఇటు నోబులూ కాదు. రెంటికీ చెడ్డ రేవడి.

జూనియర్: ఆ 1022 మన ఫైర్‌వాల్‌లో మూసే ఉంది.

సీనియర్: తెరిపిద్దాంలే.

జూనియర్: సరే, మెట్లే ఎక్కుదాం. 22.04లో పైథాన్ 3.8 పోయి 3.10 వస్తుంది, మన ప్రోగ్రామ్ లైబ్రరీలుండే వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ పోతుంది. మళ్లీ కడతాం. 24.04లో 3.12, మళ్లీ పోతుంది. రెండుసార్లు డౌన్‌టైమ్. పైగా వెనక్కి రావడానికి కమాండే లేదు. కొత్త సర్వర్‌లో 24.04 వేసి డేటా మారిస్తే పాతది పక్కనే ఉంటుంది, తేడా కొడితే దానికే తిప్పేస్తాం. అదీ సపోర్ట్ ఉన్న దారే కదా?

సీనియర్: కాదనను. కానీ ఆ సర్వర్‌లో ఏమేం నడుస్తున్నాయో నీ దగ్గర లిస్టుందా? రోజూ రాత్రి రెండింటికి దానంతటదే లేచే క్రాన్ జాబ్ ఏం చేస్తుందో చెప్పు చూద్దాం.

జూనియర్: అది రాసింది మీరే కదన్నా.

సీనియర్: నేనా?

జూనియర్: ఫైల్ పైన మీ పేరే ఉంది. డాక్యుమెంట్ అడిగితే ‘వచ్చేవారం’ అన్నారు.

సీనియర్: అప్పట్లో అన్నీ నేనొక్కణ్ణే చూసుకునేవాణ్ణి... సరే, అదంతా ఇప్పుడెందుకు. సర్వర్‌కి కాపీ తీసి, దాని మీద ముందు 22.04 ఎక్కిద్దాం. మన డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ 12 తన 5432 పోర్టులోనే ఉంటుంది, పక్కన 14 ఖాళీగా 5433లో లేస్తుంది. డేటా దానంతటది అటు వెళ్లదు, మనమే మార్చాలి. అది సరిగ్గా నడిచాకే రెండో మెట్టు. ఎక్కడ విరిగిందో అక్కడే తెలుస్తుంది.

జూనియర్: కాపీ మీద రెండు మెట్లూ ఎక్కాక అదే కొత్త సర్వర్ అయిపోతుంది కదన్నా?

సీనియర్: ...ముందు ఆ క్రాన్ జాబ్ తెరువు.