ఇంతకుముందు చెరువు, ఇప్పుడు లేక్

పోయిన ఆదివారం మధ్యాహ్నం కునుకు పట్టే వేళకి ఫోను మోగింది. “సార్, లేక్ వ్యూ ఫ్లాట్లు, ప్రీ లాంచ్ ఆఫర్” అంది అవతల ఒక అమ్మాయి. ఏ లేకమ్మా అని అడిగాను. చెప్పిన గుర్తులని బట్టి అది మా అత్తగారి ఊరి దారిలో ముప్ఫై ఏళ్ళుగా బస్సు కిటికీలోంచి నేను చూస్తున్న పెద్ద చెరువే.

“అది చెరువు కదమ్మా?”

“ఇంతకుముందు చెరువు సార్. ఇప్పుడు లేక్.”

గుమాస్తాగారికి తహసీల్దారుగా ప్రమోషన్ వచ్చిందని చెప్పినట్టు చెప్పింది. నాకూ సరదా పుట్టి, తూము ఏ వైపు ఉందని అడిగాను. ఒక్క నిమిషం అని ఎవరినో కనుక్కుని వచ్చి, “క్లబ్‌హౌస్‌లో ఇస్తున్నాం సార్, ఎక్స్‌ట్రా చార్జీ లేదు” అంది.

ఆ రోజు నుంచి ఈ లేక్ అనే మాట మీద తీవ్రంగా పరిశోధన చేస్తున్నాను. ప్రజలకి ఉపయోగపడే ఫలితాలు కొన్ని తేలాయి కాబట్టి ఇక్కడ సమర్పించుకుంటున్నాను.

మాట ఇంగ్లీషువాళ్ళది కనుక ముందు వాళ్ళ ఇంటికే వెళ్ళి చూడాలి. ఇంగ్లండ్‌లో లేక్ డిస్ట్రిక్ట్ అని ఒక ప్రాంతం ఉంది. అక్కడి పెద్ద సరస్సుల్లో పేరు చివర లేక్ అని ఉన్నది బాసెన్‌త్వెయిట్ ఒక్కటే. విండర్‌మియర్‌లో ఉన్నది మియర్, డెర్వెంట్‌వాటర్‌లో ఉన్నది వాటర్. కొండల్లో చిన్న మడుగైతే టార్న్. పైనున్న స్కాట్లాండ్‌కి వెళితే లాక్ అంటారు. సొంతదారులు ఇంత పొదుపుగా వాడుకుంటున్న మాటని, మనం మోకాలి లోతు కుంటకి కూడా తగిలించి ఔదార్యం చాటుకుంటున్నాం.

పైగా ఆ దొరలు ఇక్కడికి వచ్చినప్పుడు మన చెరువుని చూసి లేక్ అనలేదు, ట్యాంక్ అన్నారు. ఆ మాట మన గుజరాతీ వైపు నుంచి వెళ్ళిందా, పోర్చుగీసువాళ్ళ దగ్గర నుంచి వెళ్ళిందా అని నిఘంటువులవాళ్ళు ఇప్పటికీ తేల్చుకోలేదు. ఎటు నుంచి వెళితేనేం, బాగానే బతికింది. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్‌వాళ్ళు ఒక ఇనప బండి తయారుచేస్తూ, గుట్టు బయటపడకుండా నీళ్ళ తొట్టి అని నమ్మించడానికి దానికి ట్యాంక్ అని పేరు పెట్టారు. 1916 సెప్టెంబరులో అది సోమ్ దగ్గర యుద్ధంలోకి దిగింది, పేరు ఊడలేదు. చెరువు పేరు పెట్టుకుని వాళ్ళు యుద్ధం చేశారు. మనం చెరువు మీదే యుద్ధం చేశాం. నమ్మకపోతే హైదరాబాద్‌లో మాసాబ్ ట్యాంక్‌కి వెళ్ళి ట్యాంక్ ఎక్కడుందో వెతకండి. దొరక్కపోతే ఆటో ఎక్కి నల్లకుంటలో కుంట కోసం వెతకండి.

ఇంతకీ ట్యాంక్‌కీ లేక్‌కీ తేడా ఏమిటి? లేక్ దేవుడిచ్చినది. మన కొల్లేరు అలాంటిది. చెరువు మనిషి కట్టినది. కట్ట పోశాడు, తూము పెట్టాడు, మిగులు నీళ్ళు పోవడానికి అలుగు కట్టాడు. తెలంగాణలో దాన్నే మత్తడి అంటారు. తూము కింద ఆయకట్టు, ఆ నీళ్ళు మడి మడికీ పంచడానికి నీరటి, వేసవిలో పూడిక తీసి చేలకి తోలుకునే మట్టి, కట్ట మీద కాపలాకి మైసమ్మ తల్లి. ఒక చెరువు నిండి అలుగు పారితే ఆ నీళ్ళు కింది చెరువుకి, అదీ నిండితే ఆ కిందిదానికి. గొలుసుకట్టు అన్నారు. అంటే చెరువు ఒక ఆఫీసు. లేక్‌కి ఈ బాధ్యతలేవీ లేవు. దాని పని ఒక్కటే, బాల్కనీలోంచి కనపడడం. తూము లేక, అలుగు లేక, ఆయకట్టు లేక, ఒక్కోసారి నీళ్ళు కూడా లేక ఉండేది కాబట్టే దాన్ని లేక్ అంటారని నా పరిశోధనలో తేలింది. వ్యాకరణ పండితులు పరిశీలించగలరు.

మన పూర్వీకులు గొప్పలు చెప్పుకోలేదని నేను అనను. చినుకు కోసం మొహం వాచిపోయే అనంతపురం పక్కన చెరువు తవ్వి బుక్కరాయసముద్రం అన్నారు. హుస్సేన్ సాగర్ కూడా పేరుకి సాగరమే. కాకపోతే వాళ్ళు సముద్రం అన్నాక దాని కింద వరి పండించి చూపించారు. కడప జిల్లా పోరుమామిళ్ళలో 1369 నాటి శాసనం ఒకటి ఉంది. విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కరుడు చెరువు కట్టించి వేయించినది. వెయ్యి మంది కూలీలు రెండేళ్ళు పనిచేశారని లెక్క రాయించి, మంచి చెరువుకి కావలసిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు కూడా చెక్కించాడు. ఆ దోషాల్లో ఒకటి, చెరువు మధ్యలో మెరక ఉండడం. ఆయన దోషం అన్న ఆ మెరక ఇవాళ దొరికితే దానికి గజం ఇంత అని రేటు కడతారు.

చట్టాలు మాత్రం పాత మాటలే పట్టుకుని వేలాడుతున్నాయి. తెలంగాణ నిబంధనల ప్రకారం పాతిక ఎకరాల పైబడిన చెరువు అంచు నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నదైతే 9 మీటర్లు ఏమీ కట్టకూడదు. శిఖం భూమి, అంటే చెరువులో నీళ్ళు నిలిచే నేల, జోలికి అసలే పోకూడదు. అందుకే బ్రోషర్‌లో లేక్ అని ఉన్నది నోటీసులో చెరువుగా మారుతుంది. పేపర్లో కూడా చూడండి, చెరువుకి గండి పడుతుంది గానీ లేక్‌కి ఏనాడూ పడలేదు. ఫౌంటెన్, సెల్ఫీ పాయింట్, జాగింగ్ ట్రాక్ లేక్‌వి. మురుగు, గుర్రపుడెక్క, దోమలు చెరువువి. ఆస్తుల పంపకం ఇంత స్పష్టంగా అన్నదమ్ముల మధ్య కూడా జరగదు.

ఈ పరిశోధన మా బావమరిదికి చదివి వినిపించాను. అప్పటికే అతను అలాంటిదే ఇంకోచోట అడ్వాన్స్ కట్టేసి, గృహప్రవేశం కూడా చేసేశాడు. “నీకు వ్యూ విలువ తెలీదు బావా” అన్నాడు. ఉదయం కాఫీ తాగుతూ లేక్ ఫొటో తీసి గ్రూపులో పెట్టేవాడు, కొంగ కనపడితే రెండు పెట్టేవాడు. అలుగు ఉన్నచోట అపార్టుమెంటు గేటు కట్టేశారని అతనికి తెలీదు, నేనూ చెప్పలేదు. అలుగు మూసేస్తే చెరువు అలగదా?

మొన్న రాత్రి రెండింటికి ఫోను చేశాడు. వాన చప్పుడులో సగం మాటలు వినపడలేదు.

“బావా, సెల్లార్‌లోకి చెరువు వచ్చేసింది! కారు మునిగిపోయింది!”

“చెరువేమిట్రా, లేక్ కదా” అన్నాను.

పెట్టేశాడు.