రెండు రకాల గొట్టాలు

గుంటూరులో గొట్టాలు రెండు రకాలు. మొదటిది భూమిలో ఉంటుంది, అందులోంచి నీళ్లు రావాలి. రెండోది మనిషి చేతిలో ఉంటుంది, అందులోంచి వార్తలు రావాలి. మొదటిది పగిలితే రెండోది పరిగెత్తుకొస్తుందని అరవై ఒకటో ఏడు వచ్చేదాకా నమ్మాను. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పినవాడికి ఇంత అమాయకత్వం తగదు. ఒప్పుకుంటున్నాను.

మా అడ్డరోడ్డులో మొదటి రకం గొట్టం పగిలింది. పగులు కంటికి కనపడదు. తెల్లారి ఐదింటికి కుళాయి విప్పితే నీళ్లు మజ్జిగపులుసు రంగులో వస్తాయి, అంతే. వాసన గురించి రాయను, టిఫిను తింటూ చదివేవాళ్లుంటారు. మంచినీళ్ల గొట్టం పక్కనే మురుక్కాలవ పోతుంది కాబట్టి, ఆ రెంటికీ ఎక్కడో వియ్యం కుదిరిందని మా వీధిలో చిన్నపిల్లలకు కూడా అర్థమైంది. చెప్పాల్సిన చోట చెప్పాం. ఒక నంబరిచ్చారు. దాన్ని గోడ క్యాలెండరు మీద భద్రంగా రాసుకుని, తాగడానికి ఇరవై లీటర్ల డబ్బా కొనుక్కున్నాం.

"ఛానెళ్ల వాళ్లకు చెప్పకూడదా?" అంది మా ఆవిడ.

నిజమే, మా ఊళ్లో ఛానెళ్లకు కొదవా? 1902లో బందరులో కృష్ణాపత్రిక పుట్టిననాడు వార్త అంటే దేశం సంగతి. 1989లో ఈనాడు జిల్లా అనుబంధాలు మొదలుపెట్టాక వార్త జిల్లాకొచ్చింది. తర్వాత మండలానికొచ్చింది. అందరి చేతుల్లోకీ ఫోన్లొచ్చాక అడ్డరోడ్డుకొచ్చేసింది. ఇప్పుడు మా బ్రాడీపేటలో లైనుకో మెస్సు, అడ్డరోడ్డుకో ఛానెలు. పేరులో నిప్పో, నిజమో, పులో ఉంటుంది. చివర టీవీ అని ఉంటుంది. టీవీలో మాత్రం రాదు, యూట్యూబులో వస్తుంది. బండి మీద ప్రెస్ అని ఎర్రగా రాసి ఉంటుంది. బండి నంబరు కంటే ఆ అక్షరాలే పెద్దవి.

ఒకాయనకు ఫోన్ చేశాను. "విజువల్ ఏముంది మాస్టారూ?" అన్నాడు.

"నీళ్లు పసుపుగా వస్తున్నాయి బాబూ. రెండిళ్లలో పిల్లలకు వాంతులు."

"పసుపు కెమెరాకు సరిగ్గా పడదండీ. ఆడవాళ్లెవరన్నా ఖాళీ బిందెలతో రోడ్డు మీద కూర్చుంటారా?"

మా వీధిలో ఎవరింట్లోనూ బిందెల్లేవు, అందరికీ మేడ మీద ట్యాంకులే అని చెప్పాను. ట్యాంకులతో ధర్నా కుదరదు కాబట్టి మా వార్త అక్కడితో పోయింది.

ఇంకొకాయన చాలా మర్యాదస్తుడు. "ప్యాకేజీ మాట్లాడుకుందాం. వేస్తే ఒక రేటు, వేయకుండా ఉంటే ఒక రేటు" అన్నాడు. "వేయకుండా ఉండటానికి నేనెందుకిస్తాను నాయనా, పగిలింది మా గొట్టమే కదా?" అన్నాను. కాసేపు ఆలోచించి "అదీ నిజమేలెండి" అని పెట్టేశాడు. పాపం, అలవాటులో అడిగేశాడు.

తొమ్మిది రోజులు గడిచాయి. ఈలోపు మన ప్రాంతీయ జర్నలిజం ఊరికే కూర్చోలేదు. మిర్చియార్డు రోడ్డులో ఎద్దు హల్‌చల్ చేసింది. ఫ్రిజ్జు కింద పాము దూరింది. ముగ్గురు నాయకుల పుట్టినరోజులొచ్చాయి, ముగ్గురి కేకులూ ప్రత్యక్ష ప్రసారమయ్యాయి.

పదో రోజు తొమ్మిదింటికి వీధి చివర బండ్లు ఆగాయి. లెక్కపెట్టాను. పదకొండు గొట్టాలు. ఒక్కోదానికి ఒక్కో రంగు స్పాంజి టోపీ. మా కష్టం తెలిసి వచ్చారనుకుని మా ఆవిడ పొంగిపోయి పదకొండు టీలు పెట్టింది, కొనుక్కున్న డబ్బా నీళ్లతో. టీ తాగుతూ ఒకతను చెప్పాడు, "సార్ పరిశీలనకు వస్తున్నారండీ." సార్ అంటే ఓ నాయకుడు. ఏ పార్టీ అని అడక్కండి, అన్ని పార్టీల్లోనూ ఆయన ఉన్నాడు.

ఆయన వస్తున్నాడని ముందురాత్రే గొయ్యి తవ్వి, గట్టున బ్లీచింగ్ పౌడరుతో ముగ్గేశారు. బూట్లు తడవకూడదని వాల్వు కట్టేశారు. సార్ మల్లెపువ్వు లాంటి తెల్లచొక్కాతో దిగి, గోతిలోకి తొంగిచూసి, "ఏదయ్యా లీకు?" అన్నారు. గొయ్యి ఎండు కొబ్బరిచిప్పలా ఉంది.

కెమెరాల వాళ్లు గొల్లుమన్నారు. "విజువల్ లేదన్నా!"

అనుచరులు, విలేకరులు పక్కకెళ్లి మంతనాలాడారు. చివరికి వాల్వు తిప్పే అతన్ని పిలిచి "కొంచెంగా తిప్పు" అన్నారు. తిప్పాడు. గోతిలో తడి కూడా కనపడలేదు. "ఇంకొంచెం." గుడగుడమని చప్పుడొచ్చింది. "తిప్పవయ్యా బాబూ!" అతనూ మనిషే, విసుగొచ్చి బలంగా తిప్పాడు. మజ్జిగపులుసు మూడడుగుల ఎత్తు లేచి సారు చొక్కా మీద వాలింది.

అద్భుతం. ఇంతకంటే విజువల్ ఏముంటుంది? కానీ ఆ క్షణానికి ముగ్గురు కెమెరాలు ఆన్ చేసుకోలేదట. నిలబడే చోటు కోసం తోసుకుంటున్నారట. "అన్నా, మాకోసం ఒక్కసారి మళ్లీ" అని బతిమాలారు. సార్ పెద్దమనసు చేసుకున్నారు. కార్లోంచి రెండో తెల్లచొక్కా వచ్చింది. రెండోసారి వాల్వు మీద చెయ్యి పడగానే ఆయన గభాల్న వెనక్కి దూకారు. పసుపు కెమెరాకు పడదన్న మనిషే అక్కడుండి, "ముందే తప్పుకుంటున్నారన్నా, నేచురల్‌గా రాలేదు" అన్నాడు. మూడో చొక్కా వచ్చింది. మూడోసారి అన్నీ కుదిరాయి, నీళ్లూ, ముఖంలో ఆశ్చర్యమూ. ఆ తొక్కిసలాటలో ఒక గొట్టానికున్న నీలం స్పాంజి ఊడి గోతిలో పడింది. మా ట్యాంకులకు ఎక్కాల్సిన ఆ పూట నీళ్లన్నీ రోడ్డున పోయాయి. మనవాళ్లు సినిమా తీస్తే మూడు టేకుల్లో ఒక సీను అవుతుందా?

వీడియోలు మధ్యాహ్నానికల్లా వచ్చేశాయి. "గుంటూరులో బద్దలైన భూమి! లీడర్‌కు తృటిలో తప్పిన పెనుముప్పు!! చివరిదాకా చూడండి!!!" కింద సారు చొక్కా చుట్టూ ఎర్ర గుండ్రం, దానికో బాణం. మా ఊరివాళ్లకు తెలుసు, బ్రాడీపేటలో చిరునామా 4/8 అని రాస్తే నాలుగో లైను, ఎనిమిదో అడ్డరోడ్డు అని. యాంకరమ్మ "ఏప్రిల్ 8న జరిగిన ఈ ఘటన" అని చదివింది. గుంటూరు వార్తలు చదివే పిల్లకు బ్రాడీపేట తెలియదు, కానీ గంట గుర్తు ఎక్కడ నొక్కాలో మాత్రం అరటిపండు ఒలిచినట్టు చెప్పింది.

పదకొండింటికీ ముగింపు వాక్యం ఒక్కటే. "ఇప్పటికైనా సంబంధిత అధికారులు స్పందించాలని స్థానికులు కోరుతున్నారు." ఆ స్థానికులెవరా అని విచారించాను. నేనే. ఊళ్లో సగం మందికి నేను మాస్టార్ని. గొట్టం ముందు నిలబడగానే స్థానికుణ్ణయిపోయాను. ఇక సంబంధిత అధికారులంటారా, వాళ్లను ఇంతవరకు చూసినవాళ్లు లేరు. వాళ్లకు పేరుండదు, హోదా ఉండదు, ఫోన్ నంబరుండదు. ఎందుకంటే పేరు రాయాలంటే ఎవరో తెలుసుకోవాలి, తెలుసుకోవాలంటే అడగాలి, అడిగితే వచ్చే పండక్కి ప్రకటన రాదు.

తప్పు దిద్దమందామని చూశాను. 2021 ఐటీ నిబంధనల ప్రకారం ఆన్‌లైన్‌లో వార్తలు వేసే సంస్థ ఫిర్యాదులు వినడానికి ఒక అధికారిని పెట్టి, ఆ వివరాలు కనపడేలా ఉంచాలి. ఫిర్యాదు అందిందని 24 గంటల్లో చెప్పాలి, 15 రోజుల్లో తేల్చాలి. వెతగ్గా వెతగ్గా ఒక ఛానెల్లో నంబరు దొరికింది. ఎత్తింది ఎవరనుకున్నారు? ఎద్దు వీడియోలో ఎద్దు కంటే ముందు పరిగెత్తిన కెమెరామనే. ఓనరు గారికి బామ్మర్దట.

నవ్వు ఇంతవరకే. ఆ రోజు సార్ నన్ను పిలిచి "పెద్దాయనా, ఏమన్నా ఇబ్బందా?" అని అడిగారు. పదకొండు గొట్టాలు నా మూతి ముందుకొచ్చాయి. నాలుగు నిమిషాలు మాట్లాడాను. ప్రసారమైంది "నమస్కారమండీ" ఒక్కటే. దానికీ వెనకాల వయొలిన్ వాయించారు.

మిగతా మాటలు ఇక్కడ రాస్తాను. 2018 మార్చిలో ఇదే గుంటూరులో, ఆనందపేటలో, ఆ చుట్టుపక్కల వీధుల్లో, తాగే నీళ్లలో మురుగు కలిసింది. వందల మంది వాంతులు, విరేచనాలతో ఆస్పత్రిలో పడ్డారు. పదిమందికి పైగా చచ్చిపోయారు. కుళాయి నీళ్లు తాగి చచ్చిపోయారయ్యా! ఆ సంగతి గుర్తుచేసి, "నీళ్ల రంగు మారిన రోజే వీధి పేరు, తారీఖు వేసి చెప్పండి, జనం కాచుకుని తాగుతారు, కేకు రేపు కోసినా కేకే" అన్నాను. ఆ ముక్క కోసేశారు. చొక్కా ఉంచారు. పక్కింటి పిల్లకు సెలైన్ ఎక్కుతోంది, తొమ్మిది రోజులు విజువల్ లేదని రాని మనుషులు మా ఇంట్లో టీ తాగి, ఆ పిల్ల ఎలా ఉందని ఒక్క మాట అడక్కుండా పోయారు. సిగ్గుండాలి. ప్రెస్ అన్న ఆ ఎర్రక్షరాలు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఇక్కడికి దగ్గర్లోనే, చిలకలూరిపేటలో, 2014 నవంబరులో ఆంధ్రప్రభ విలేకరిని కొట్టి చంపారు. కిరోసిన్ దందా గురించి రాస్తుండేవాడాయన. ఆ ప్రెస్సూ మీ ప్రెస్సూ ఒకటేనా? ఏ మొహం పెట్టుకుని బండికి అతికించుకుంటారు?

సరే, మంచినీళ్లు తాగాను. డబ్బా నీళ్లే.

గొట్టం పట్టుకున్న కుర్రాడి మీదే కోపమంతా కుమ్మరిస్తే అదీ పాపమే. వాడికి జీతం లేదు. పేపర్లలో కంట్రిబ్యూటర్లకు అచ్చయిన లైన్లు లెక్కగట్టి ఎంతో కొంత ఇచ్చే పద్ధతన్నా ఉంది. ఇక్కడ చాలాచోట్ల వాడే ఎదురు డబ్బు కట్టి లోగో తెచ్చుకుంటాడు. ఆగస్టు 15కి ఇన్ని ప్రకటనలు, దసరాకిన్ని, సంక్రాంతికిన్ని అని టార్గెట్లు. చేతికి గొట్టమిచ్చి ఊరి మీద పడి బతకమని పంపినవాడు ఏసీలో కూర్చుని విలువల గురించి ఉపన్యాసాలిస్తాడు. తిట్టాల్సింది ముందు వాణ్ణి.

ఈ కథలో పన్నెండోవాడు కూడా ఒకడున్నాడు. అదేరోజు సాయంత్రం పాత మోపెడ్ మీద వచ్చాడు. గొట్టం లేదు, ఫోనుంది. పొద్దున పూట ఇళ్లకు భోజనం పార్సిళ్లు చేరవేస్తాడట, సాయంత్రం వార్తలు. టీ ఇస్తామంటే వద్దని, కుళాయి నీళ్లు సీసాలో పట్టుకున్నాడు. ఏ తారీఖున రంగు మారింది, ఎన్నిళ్లలో, ఎవరికి ఎప్పుడు వాంతులు, ఫిర్యాదు నంబరెంత, అన్నీ చిన్న పుస్తకంలో రాసుకున్నాడు. వీధి నంబరు రెండుసార్లు అడిగాడు. పగులుకు చుట్టిన సైకిల్ ట్యూబును, దాని కింద కుక్కిన నీలం స్పాంజిని ఫొటో తీసుకున్నాడు. రాత్రికి మూడు నిమిషాల వీడియో పెట్టాడు. వీధి పేరు కరెక్టు, తారీఖులు కరెక్టు, బాధ్యత ఎవరిదో హోదాతో సహా చెప్పాడు, "నీళ్లు కాచి తాగండి" అన్నాడు. నేను చూసేసరికి 212 వ్యూలు. అందులో ఆరు నావే.

లెక్కల మాస్టార్ని కాబట్టి ఒక లెక్క వేశాను. యూట్యూబు ప్రకటనల డబ్బులో వాటా రావాలంటే మామూలు దారిలో వెయ్యిమంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4 వేల గంటల వీక్షణ ఉండాలి. 4 వేల గంటలంటే 2 లక్షల 40 వేల నిమిషాలు. మూడు నిమిషాల మురుగునీళ్ల వీడియోను 80 వేలసార్లు కదలకుండా ఆఖరిదాకా చూడాలి. తెల్లచొక్కా వీడియోకు ఆ బాధ లేదు. మా వాట్సాప్ గ్రూపులోనే నాలుగుసార్లొచ్చింది. మూడోసారి పంపింది మా ఆవిడ. "మన గేటు కనపడిందండీ" అంది.

ఆ కుర్రాడు వారం తర్వాత ఫోన్ చేశాడు. పదకొండు మందిలో ఒక్కడూ చేయని పని.

"మాస్టారూ, నీళ్ల రంగెలా ఉంది?"

"మజ్జిగపులుసు పోయి పల్చటి మజ్జిగైంది బాబూ."

"ఒక గ్లాసులో పట్టి, లైటు కింద పెట్టి చూడండి. అడుగున ఏమన్నా ఉందా?"

పట్టి చూశాను. అడుగున నీలంగా నలుసులు రెండు కనపడ్డాయి. వేలితో తీసి నొక్కితే మెత్తగా ఉన్నాయి.

"ఏ ఛానెల్‌దండీ?" అన్నాడు.

లోగో లేదని చెప్పాను. సరే, టైమెంతో చెప్పండి రాసుకుంటానన్నాడు. ఐదూ పది అయింది.